కరీబియన్‌లో స్కూబా: ఏ ద్వీపం అన్నది చివరి ప్రశ్న

కరీబియన్ డైవింగ్ అని వెతికితే ఫోన్‌లో ముందుగా కనిపించే ఫొటో ఒకటుంది. లేత నీలం నీళ్ల మధ్య వృత్తలేఖినితో గీసినంత గుండ్రంగా ఒక ముదురు నీలం మచ్చ. అది బెలీజ్ దేశంలోని గ్రేట్ బ్లూ హోల్. దాదాపు 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు. మంచుయుగాల్లో సముద్రమట్టం బాగా దిగువన ఉన్న రోజుల్లో అది నేల మీది సున్నపురాయి గుహ. కప్పు కూలిపోయింది, సముద్రం పెరిగింది, గుహ మునిగిపోయింది. అప్పట్లో కప్పునుంచి మర్రి ఊడల్లా వేలాడిన రాళ్లు ఇప్పటికీ లోపల ఉన్నాయి.

ఆ ఫొటో చూసి టికెట్లు కొనేసినవాళ్లకు ఆలస్యంగా తెలిసే సంగతి ఏమిటంటే, ఆ రాతి ఊడలు కనిపించేది సుమారు 40 మీటర్ల లోతులో. డైవింగ్‌లో మొదటి కోర్సయిన ఓపెన్ వాటర్ పూర్తిచేసినవాళ్ల పరిమితి 18 మీటర్లు. దాని తర్వాత అడ్వాన్స్‌డ్ చేస్తే 30. సరదాకి చేసే డైవింగ్ మొత్తానికి 40 ఆఖరి గీత, అక్కడ ఉండగలిగేది కొన్ని నిమిషాలే. పైగా రంగురంగుల పగడాలూ చేపల గుంపులూ చూడాలని వెళ్లినవాళ్లకు ఆ గుంతలో పెద్దగా ఏమీ దొరకదు. ఆ గుండ్రటి అందం చిన్న విమానం ఎక్కి పైనుంచి చూడాల్సింది.

ఇలాంటి సెలవు ఎక్కడ తప్పుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మనం ముందు ద్వీపాన్ని ఎంచుకుంటాం, తర్వాత తేదీలు, తర్వాత హోటల్, ఆ తర్వాత "అక్కడ డైవింగ్ ఎలా ఉంటుందో" అని చూస్తాం. ఈ వరసని తిరగేయాలి. నాకు నీళ్లలో ఎంత అనుభవం ఉంది, ఎలాంటి నీళ్లలో దిగగలను, ఏ నెలలో సెలవు దొరుకుతుంది, నా పాస్‌పోర్టు ఎక్కడికి పనికొస్తుంది, తిరుగు విమానం ఎప్పుడు. వీటికి జవాబులు రాసుకుంటే ద్వీపం పేరు దానంతట అదే తేలుతుంది.

నీళ్లు మూడు రకాలు

కరీబియన్ అంతా ఒకేలా ఉంటుందనుకోవద్దు. డైవర్ కళ్లతో చూస్తే స్థూలంగా మూడు రకాలు.

మెక్సికోకి చెందిన కోజుమెల్‌లో ప్రవాహం మనల్ని తీసుకెళుతుంది. పడవ ఒకచోట దించుతుంది, పగడపు దిబ్బ వెంబడి తేలుకుంటూ వెళతాం, పడవ పైన మనతోపాటే వస్తుంది, పైకి తేలినచోట ఎక్కించుకుంటుంది. కాళ్లు పెద్దగా ఆడించే పనిలేదు. ఇష్టపడినవాళ్లు మళ్లీ మళ్లీ వెళతారు. కానీ పైకి తేలకుండా, కిందికి జారకుండా ఒకే లోతులో నిలవడం ఇంకా రానివాళ్లకు, ఒక్క చేపని చూస్తూ అక్కడే ఆగిపోవాలనుకునేవాళ్లకు ఆ ప్రవాహం ఇబ్బంది పెడుతుంది. ఆగడం మన చేతిలో ఉండదు.

కేమన్ దీవుల్లో, ముఖ్యంగా లిటిల్ కేమన్‌లోని బ్లడీ బే వాల్ దగ్గర, దిబ్బ ఒక్కసారిగా నిట్టనిలువుగా అగాధంలోకి తెగిపోతుంది. ఆ గోడ పక్కన తేలుతుంటే కింద నీలం తప్ప ఏమీ కనిపించదు. ఎంతో బాగుంటుంది. అయితే కింద నేల కనిపించకపోతే ఎంత లోతుకి జారుతున్నామో శరీరానికి తెలియదు. లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్‌ని మాటిమాటికీ చూసుకునే అలవాటు లేనివాళ్లకు అది ప్రమాదం.

మూడోది బొనైర్. దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే కొత్తగా నేర్చుకున్నవాళ్లకు నేను మొదట చెప్పే పేరు ఇదే.

బొనైర్ ఎందుకు

వెనిజులా తీరానికి ఉత్తరంగా దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న ద్వీపం ఇది. 2010 అక్టోబర్ నుంచి నెదర్లాండ్స్‌లో ఒక ప్రత్యేక మునిసిపాలిటీ. వాడేది అమెరికన్ డాలర్. ఎండ, ముళ్లచెట్లు, ఉప్పు మడులు. పచ్చటి కొబ్బరితోటల ద్వీపం ఊహించుకుని దిగితే నిరాశపడతారు. చూడాల్సింది నీళ్లలో ఉంది.

ఏడాదిలో ఎక్కువ భాగం గాలి తూర్పునుంచే వీస్తుంది. అందుకని తూర్పు తీరంలో అలలు విరుచుకుపడుతుంటే పడమటి తీరం గాలి చాటున చెరువులా ఉంటుంది. ఆ పడమటి తీరం పొడవునా పగడపు దిబ్బ ఒడ్డుకి ఆనుకునే ఉంది. నడుంలోతు నీళ్లలోకి నడిచి, కాసేపు ఈదితే చాలు, వాలు మొదలవుతుంది. పడవ అక్కర్లేదు, దాని టైమింగులూ అక్కర్లేదు. రోడ్డు పక్కన పసుపు రంగు వేసిన రాళ్ల మీద డైవ్ చోటు పేరు రాసి ఉంటుంది. ఇలాంటి చోట్లు 80కి పైనే. అద్దె పికప్ వెనక ట్యాంకులు వేసుకుని, నచ్చిన రాయి దగ్గర ఆపి, జోడీతో, అంటే వెంట దిగే తోడు డైవర్‌తో, దిగడమే. ద్వీపం చుట్టూ నీటిని 1979లోనే మెరైన్ పార్కుగా ప్రకటించి, 60 మీటర్ల లోతు వరకు రక్షణ కల్పించారు.

దీనివల్ల కొత్తవాళ్లకు జరిగే మేలు పెద్దది. పడవలో 12 మందితో వెళితే వాళ్ల వేగం మన వేగం కావాలి. మాస్క్‌లోకి నీళ్లొచ్చి కంగారుపడితే, వెనకబడితే టెన్షన్. ఇక్కడ ఇద్దరే. 10 మీటర్ల దగ్గర గంటసేపు ఒక్క రాయి చుట్టూ తిరిగినా అడిగేవాళ్లు లేరు. డైవింగ్ నిజంగా ఒంటబట్టేది ఇలా తొందర లేకుండా గడిపిన గంటల్లోనే.

కానీ ఈ స్వేచ్ఛకి ఇంకో వైపుంది. గైడ్ ఉండడు కాబట్టి దిక్కు, గాలి, సమయం అన్నీ మీరే చూసుకోవాలి. ఉదాహరణకు 1000 స్టెప్స్ అనే చోట నిజానికి ఉన్నవి అరవై పైచిలుకు మెట్లే. వీపు మీద సామాను అంతా మోస్తూ ఎండలో పైకి ఎక్కేటప్పుడు ఆ పేరు ఎందుకు పెట్టారో తెలిసొస్తుంది. 1984లో మునిగిన హిల్మా హుకర్ అనే 72 మీటర్ల ఓడ దగ్గర లోతుతో జాగ్రత్తగా ఉండాలి. అది పక్కకి ఒరిగి సుమారు 30 మీటర్ల లోతు ఇసుకలో పడుకుని ఉంది. ఓపెన్ వాటర్ మాత్రమే చేసినవాళ్లు పైభాగాన్ని దూరం నుంచి చూసి తిరిగిరావాలి. ఓడ కనబడుతుంటే కిందికి లాగేస్తుంది మనసు. అందుకే దిగకముందే జోడీతో "ఇంతకంటే కిందికి వెళ్లం" అని అంకె చెప్పుకుని దిగాలి. ఇంకొక చిన్న మాట: పార్క్ చేసిన పికప్‌లో ఫోన్లు, పర్సులు, పాస్‌పోర్టులు వదలొద్దు. చిల్లర దొంగతనాలు అక్కడ మామూలే.

ద్వీపానికి వచ్చే సందర్శకులు 75 డాలర్ల ప్రవేశపన్ను కట్టాలి. అది కాక నీళ్లలో దిగేవాళ్లకు ప్రకృతి రుసుము ఉంది, 2023 నుంచి ఏడాదికి 40 డాలర్లు. ఈ డబ్బుతోనే పార్కు నడుస్తుంది. మొదటిరోజు డైవ్ షాపువాళ్లు పార్కు నిబంధనలు చెప్పి, ఒడ్డు దగ్గర ఒక చెక్ డైవ్ చేయిస్తారు. విమానం దిగిన అలసటతో "ఇదంతా ఎందుకు" అనిపిస్తుంది. నడుముకి ఎన్ని కిలోల సీసం కట్టుకుంటే సరిగ్గా తేలతారో తేలేది ఆ డైవ్‌లోనే. అది సరిచూసుకోనివాళ్లు వారమంతా పగడాల మీద పడుతూ లేస్తూ ఉంటారు.

ఏ నెలలో

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. మన బంగాళాఖాతంలో తుఫాను అనేదాన్నే అక్కడ హరికేన్ అంటారు. అక్టోబర్, నవంబర్ వస్తే మన కోస్తావాళ్లు ఎలా ఆకాశం వైపు చూస్తారో, అక్కడివాళ్లు ఆగస్టు, సెప్టెంబర్‌లలో అలా చూస్తారు. సెప్టెంబర్ రెండోవారం ప్రాంతంలో తీవ్రత ఎక్కువ. హోటళ్లు చౌకగా దొరికేదీ అప్పుడే, అందుకే ఆ ఎర చాలామందిని లాగుతుంది.

సీజన్ మొదట్లో భయం లేదనుకోవడమూ పొరపాటే. 2024 జులై 1న బెరిల్ హరికేన్ గ్రెనడాకి చెందిన కారియాకూ ద్వీపాన్ని ధ్వంసం చేసింది. మర్నాటికల్లా హరికేన్లలో అత్యంత తీవ్రమైన కేటగిరీ 5కి చేరింది. అట్లాంటిక్‌లో ఏడాదిలో అంత ముందుగా కేటగిరీ 5 రావడం రికార్డుల్లో అదే మొదటిసారి.

బొనైర్, కురసావ్, అరూబా దక్షిణంగా ఉండటం వల్ల హరికేన్ల దారికి సాధారణంగా బయటే ఉంటాయి. అలాగని పూర్తి అభయం లేదు. 1999 నవంబర్‌లో లెన్నీ అనే హరికేన్ మామూలు దిశకి ఎదురుగా పడమటినుంచి తూర్పుకి కదిలింది. బొనైర్ మీదికి రాకపోయినా, అది పంపిన అలలు గాలి చాటున ఉండాల్సిన పడమటి తీరాన్నే కొట్టాయి. లోతు తక్కువ చోట్ల పగడాలు విరిగిపోయాయి.

ఇక క్రిస్మస్ సెలవుల్లో కోజుమెల్ వెళ్లేవాళ్లకు ఒక ముక్క. చలికాలంలో ఉత్తరం నుంచి దిగే చలిగాలుల్ని అక్కడ నోర్తే అంటారు. అవి వీచినప్పుడు రేవు అధికారులు చిన్న పడవల్ని ఆపేస్తారు. వారంలో ఒకటి రెండు రోజులు డైవింగ్ లేకుండా పోవచ్చు. నాలుగు రోజుల ట్రిప్‌లో రెండు రోజులు పోతే మిగిలేదేముంది? అందుకని చలికాలంలో కోజుమెల్‌కి కనీసం వారం పెట్టుకోండి.

శరీరంలోని గడియారం

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఈ భాగాన్ని గుర్తుంచుకోండి. తిరుగు విమానానికీ డైవింగ్‌కీ ఉన్న సంబంధం చాలామందికి బుకింగ్ అయ్యాకే తెలుస్తుంది.

నీళ్లలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 20 మీటర్ల దగ్గర మన మీద పడేది ఒడ్డు మీది కంటే మూడు రెట్లు. ఆ పీడనంలో పీల్చే గాలి అంతే చిక్కగా ఉంటుంది, కాబట్టి ఒడ్డున గంట వచ్చే ట్యాంకు అక్కడ 20 నిమిషాలకే అయిపోతుంది. అది గేజ్‌లో కనిపిస్తుంది. కనిపించనిది నత్రజని. గాలిలో నాలుగు వంతుల్లో మూడు వంతులకు పైగా ఉండే ఈ వాయువు పీడనం కింద రక్తంలో, కండలో, కొవ్వులో కరుగుతుంది. ఎంత లోతుకి, ఎంతసేపు వెళితే అంత.

గోళీ సోడా కొట్టినప్పుడు ఏమవుతుందో తెలుసుగా. గోళీ బిగించి ఉన్నంతసేపు నీళ్లు నిశ్చలం. గోళీ లోపలికి దిగి ఒత్తిడి పోగానే బుస్సుమని బుడగలు. లోతునుంచి ఒక్కసారిగా పైకొస్తే శరీరంలోనూ అదే జరుగుతుంది. బుడగలు కీళ్లలో చేరితే నొప్పి, వెన్నుపాములో చేరితే కాళ్లు చచ్చుబడటం. దీన్నే డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటారు. అందుకే లోతుని బట్టి సమయానికి హద్దు ఉంటుంది. డైవింగ్ కోర్సులు నడిపే ప్యాడీ సంస్థ పట్టిక ప్రకారం మొదటి డైవ్‌లో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 20 నిమిషాలే. నెమ్మదిగా పైకి రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి.

ఇవన్నీ పాటించినా, బయటికి వచ్చాక కూడా కొంత నత్రజని ఒంట్లో ఉంటుంది. గంటలకొద్దీ ఊపిరి ద్వారా మెల్లగా బయటికి పోతుంది. ఈలోగా విమానం ఎక్కితే? క్యాబిన్‌లో నేలమట్టం పీడనం ఉండదు. దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నంత వరకు తగ్గవచ్చు. అంటే 2,240 మీటర్ల ఊటీ కంటే ఎత్తైన కొండమీద కూర్చున్నట్టు. గోళీ మళ్లీ సడలినట్టే.

అందుకే నియమం ఇది: ఒకే ఒక్క మామూలు డైవ్ చేస్తే విమానానికి ముందు కనీసం 12 గంటలు, వరసగా రోజూ డైవ్ చేస్తే కనీసం 18 గంటలు. నేనైతే 24 అనే లెక్క పెట్టుకోమంటాను. 18 అనేది కనీసం, దానికి పైన కాస్త ఎడం ఉంటే నిశ్చింత.

ఇప్పుడు క్యాలెండర్‌ని వెనకనుంచి చదవండి. శనివారం మధ్యాహ్నం 2 గంటలకు తిరుగు విమానం అనుకుందాం. 24 గంటల లెక్కన శుక్రవారం మధ్యాహ్నం 2 లోపు చివరి డైవ్ ముగియాలి. మొదటి శనివారం చేరుకోవడానికే పోతుంది. ఆదివారం పొద్దున నిబంధనలు, చెక్ డైవ్. అంటే ఎనిమిది రోజుల సెలవులో సరైన డైవింగ్ దొరికేది సుమారు ఐదున్నర రోజులు. లాంగ్ వీకెండ్‌కి నాలుగు రోజులు వెళితే మిగిలేది ఒకటిన్నర. అందుకే డైవింగ్ కోసమైతే లాంగ్ వీకెండ్ ట్రిప్పులు దండగ అంటాను.

కోర్సు ఎక్కడ చేయాలి

మనలో చాలామందికి చిన్నప్పుడు ఈత నేర్చుకునే అవకాశం దొరకలేదు. నుయ్యి, కాలువ ఉన్న ఊళ్లవాళ్లకు వచ్చినంత ఈత అపార్ట్‌మెంట్లలో పెరిగినవాళ్లకు రాలేదు. దీనికి సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ ముందే ఒప్పుకోవాలి. ఓపెన్ వాటర్ కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్, స్నార్కెల్‌తో 300 మీటర్లు. తర్వాత ఏ ఆధారం లేకుండా 10 నిమిషాలు తేలాలి. వేగం చూడరు. ఈత రానివాళ్లు ట్రిప్‌కి ఆరు నెలల ముందు స్విమ్మింగ్ క్లాసులో చేరడమే అసలైన ప్లానింగ్.

పాఠాలు ఆన్‌లైన్‌లో, పూల్ శిక్షణ మీ ఊళ్లో ముగించుకుని, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు మాత్రం ద్వీపంలో చేసుకునే పద్ధతి ఉంది. రెఫరల్ అంటారు. సెలవులో మూడు రోజులు తరగతి గదికి పోకుండా కాపాడుతుంది. ఇండియానుంచి బయల్దేరేవాళ్లు అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్, పాత పేరు హేవ్‌లాక్, వెళ్లి పూర్తి కోర్సు చేసుకుని, కొన్ని డైవ్‌ల అనుభవం వచ్చాక అంత దూరం ఖర్చు పెట్టుకోవడం నయం.

మెడికల్ ఫారం నిజాయితీగా నింపండి. ఆస్తమా, గుండె జబ్బు, షుగర్, మూర్ఛ వంటివి ఉంటే డాక్టర్ సంతకం కావాలి. ఫారంలో అన్నిటికీ "లేదు" అని టిక్ పెట్టేసి సముద్రంలో దిగడం అంటే తనతోపాటు జోడీ ప్రాణాన్ని కూడా పణంగా పెట్టడమే. జలుబు ఉంటే ఆ రోజు దిగొద్దు, చెవిలో పీడనం సమం కాదు.

పాస్‌పోర్టు సంగతి

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ దెబ్బతింటారు. భారత పాస్‌పోర్టుతో బార్బడోస్, గ్రెనడా, డొమినికా, జమైకా వంటి దేశాలకు వీసా లేకుండా వెళ్లొచ్చు. కానీ హైదరాబాద్ నుంచి దారి అమెరికా మీదుగా అయితే, విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. అందుకని ద్వీపం వీసా కంటే ముందు దారిలోని ఊళ్ల వీసా చూసుకోవాలి.

బొనైర్‌కి భారతీయులకు ప్రత్యేకంగా కరీబియన్ వీసా అవసరం. చెల్లుబాటులో ఉన్న అమెరికా మల్టిపుల్ ఎంట్రీ వీసా, లేదా గ్రీన్ కార్డ్ ఉంటే అక్కర్లేదు. మెక్సికో కూడా చెల్లుబాటు అయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్లను రానిస్తుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడ ఒకటి గమనించాలి. అమెరికాలో ఉండేందుకు హెచ్1బీ అనుమతి కాగితం ఉండటం వేరు, పాస్‌పోర్టులో గడువు తీరని స్టాంపు ఉండటం వేరు. స్టాంపు గడువు తీరితే ఆ మినహాయింపులు పనిచేయవు, అమెరికాకి తిరిగి రావడమూ చిక్కే. అలాంటివాళ్లకు సెయింట్ క్రాయ్ మంచి దారి. అది అమెరికా వర్జిన్ ఐలండ్స్‌లో భాగం. కేన్ బే అనే చోట ఒడ్డునుంచే ఈదుకుంటూ వెళ్లి నిట్టనిలువు గోడని చూడొచ్చు. ఫ్రెడరిక్‌స్టెడ్ రేవు స్తంభాల చుట్టూ సీహార్సులు ఉంటాయి. అయితే తిరిగి వచ్చేటప్పుడు అక్కడి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది, కాగితాలన్నీ వెంట ఉండాలి. వీసా నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్‌కి ముందు ఆయా దేశాల అధికారిక సమాచారం ఒకసారి చూడండి.

బీమా గురించి క్లుప్తంగా. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కూబా వర్తించదు, లేదా ఫలానా లోతు వరకే అంటారు. డీకంప్రెషన్ సిక్‌నెస్‌కి చికిత్స ప్రత్యేక పీడన గదిలో చేస్తారు, అది లేని ద్వీపం నుంచి ఉన్న ద్వీపానికి విమానంలో తరలించాల్సి రావచ్చు. డాన్ అని పిలిచే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ 1980 నుంచి డైవర్ల అత్యవసర సాయానికే పనిచేస్తోంది, డైవర్ల బీమా కూడా ఇస్తుంది. ఈ ఖర్చుని తగ్గించుకోవద్దు. తగ్గించుకోవాలంటే హోటల్ గది దగ్గర తగ్గించుకోండి. బొనైర్ ఆసుపత్రిలో పీడన గది ఉంది, అది కూడా నేను ఆ పేరు ముందు చెప్పడానికి ఒక కారణం.

మనం తీసుకెళ్లేవి

కరీబియన్ పగడాలు ఇప్పుడు బాగా లేవు. 2014లో ఫ్లోరిడా దగ్గర బయటపడిన ఒక జబ్బు గట్టి పగడాల కణజాలాన్ని వారాల్లో తినేస్తుంది, వెనక తెల్లటి అస్థిపంజరం మిగులుతుంది. 2018లో కోజుమెల్ చేరింది, 2023లో బొనైర్‌కీ వచ్చింది. అదే ఏడాది సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబారాయి. వందల ఏళ్లు పెరిగిన పగడపు గుట్ట ఒక్క సీజన్‌లో చచ్చిపోవడం చూసినవాళ్లు దాని గురించి ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెబుతారు.

వెళ్లడం మానేయమని నేను అనను. ప్రకృతి రుసుములు, డైవ్ షాపుల జీతాలు లేకపోతే ఆ దిబ్బలకు కాపలా ఉండదు. కానీ ఎలా దిగుతామన్నది ముఖ్యం. బొనైర్‌లో చేతి గ్లవ్స్ నిషేధం. చేయి రక్షణ లేకుండా ఉంటే దేన్నీ పట్టుకోరు కదా, అదీ లెక్క. మోకాళ్ల మీద కూర్చోవడం, ఫొటో కోసం వేలితో ఆనుకోవడం వద్దు. సన్‌స్క్రీన్ ఒళ్లంతా పూసుకునే బదులు నిండు చేతుల ఈత చొక్కా, అంటే రాష్ గార్డ్, వేసుకోండి. జబ్బు ఉన్న చోట దిగినప్పుడు సామానుని డైవ్ షాపువాళ్లు చెప్పిన క్రిమిసంహారక ద్రావణంలో కడిగి, ఆరబెట్టాకే ఇంకో చోట దిగాలి.

శుక్రవారం మధ్యాహ్నం చివరి డైవ్ ముగిశాక ఆ పని అందరికీ ఉంటుంది. వెట్‌సూట్, గాలి నింపుకునే జాకెట్టు (బీసీడీ), బూట్లు కడిగి వరండాలో తాడు మీద వేయండి. తడిసిన గేర్‌తో బ్యాగు 23 కిలోలు దాటేస్తుంది, పూర్తిగా ఆరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అవి ఆరేలోపు పికప్ తీసుకుని దక్షిణాన ఉప్పు మడుల వైపు వెళితే గులాబీ రంగు నీళ్లలో ఫ్లెమింగోలు మేస్తూ ఉంటాయి. దగ్గరికి వెళ్లొద్దు, బెదిరిపోతాయి. రోడ్డు మీదనుంచే బాగా కనిపిస్తాయి.